కంటికి అందని కాంతికి గాజుబాట

పాఠ్యభాగ ఉద్దేశం

పారదర్శకత గాజుకు పుట్టుకతో వచ్చిన గుణమని మనం భావిస్తాం. నిజానికి ఏ గాజైనా కొన్ని కాంతులకు తలుపు తెరుస్తుంది, మరికొన్నింటికి మూసివేస్తుంది. పరారుణ కాంతిని పుట్టించి మోసుకొనిపోవడానికి శాస్త్రజ్ఞులు గాజు స్వభావాన్నే ఎలా మార్చుకొన్నారో, అందుకు ఏ మూల్యం చెల్లించవలసి వచ్చిందో తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

ఒకే మాట – రెండు అర్థాలు

'గాజు' అన్న మాట సంస్కృతంలోని 'కాచ' శబ్దం నుండి వచ్చినది. తెలుగువారు కిటికీకి బిగించే పలకనూ గాజు అన్నారు. చేతికి తొడుక్కొనే ఆభరణాన్నీ గాజు అన్నారు. సంస్కృతంలో కాచ శబ్దానికి ఇంకొక అర్థం కూడా ఉన్నది. ఆయుర్వేద గ్రంథాలలో అది చూపును మసకబార్చే ఒక నేత్రవ్యాధి పేరు. చూపును సాగనిచ్చే వస్తువుకూ, చూపును అడ్డగించే వ్యాధికీ ఒకే పేరు ఉండటం వింతగా తోస్తుంది. అయితే నేటి భౌతికశాస్త్రం గాజును గురించి చెప్పే మాట దీనికి ఎంతో దూరం కాదు. ఒక కాంతికి కన్నులా తెరుచుకొన్న గాజు మరొక కాంతికి గోడలా అడ్డుపడుతుంది. ఈ సత్యం తంతు లేసర్ల నిర్మాణంలో స్పష్టంగా బయటపడింది.

కంటికి అందని వెలుగు

1800వ సంవత్సరంలో విలియం హెర్షెల్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు సూర్యకాంతిని పట్టకం గుండా పంపి, విడివడిన రంగుల వేడిని ఉష్ణమాపకాలతో కొలిచాడు. ఎరుపు రంగుకు అవతల, ఏ వెలుగూ కనిపించని చోట ఉంచిన ఉష్ణమాపకంలోనూ పాదరసం పైకి ఎగబాకింది. అక్కడ కంటికి అందని కిరణాలు ఉన్నాయని దానివల్ల తెలిసింది. ఎరుపుకు ఆవలివి కాబట్టి వాటిని పరారుణ కిరణాలు అంటున్నాం.

కాంతి తరంగదైర్ఘ్యాన్ని మైక్రాన్లలో కొలుస్తారు. మిల్లీమీటరులో వెయ్యోవంతు ఒక మైక్రాన్. మన కంటికి కనబడే కాంతి సుమారు 0.4 మైక్రాన్ల నుండి 0.7 మైక్రాన్ల వరకు మాత్రమే. ఆపైన ఉన్నది పరారుణ లోకం. అందులోనూ 2 మైక్రాన్లు దాటిన ప్రాంతం శాస్త్రజ్ఞులకు ఎంతో విలువైనది. ప్రకృతిలోని అణువులు అక్కడ తమ తమ ముద్రలను వదులుతాయి. నీరు 2.9 మైక్రాన్ల చుట్టుపట్ల ఉన్న కాంతిని అమితంగా పీల్చుకొంటుంది. మీథేన్ వాయువు 3.3 మైక్రాన్ల వద్ద, బొగ్గుపులుసు వాయువు 4.3 మైక్రాన్ల వద్ద కాంతిని గ్రహిస్తాయి. మనిషిని వేలిముద్రతో గుర్తించినట్లు, గాలిలో కలిసిన వాయువును ఈ ముద్రతో గుర్తించవచ్చు. కాబట్టి ఆ తరంగదైర్ఘ్యాలలో శక్తిమంతమైన లేసర్ కాంతిని పుట్టించగలిగితే గనిలో పేరుకొన్న వాయువును కనిపెట్టవచ్చు. గొట్టం నుండి లీకయ్యే మీథేన్‌ను దూరం నుండే పసిగట్టవచ్చు. శస్త్రచికిత్సలో కణజాలాన్ని చుట్టుపక్కల భాగాలకు హాని కలగకుండా కోయవచ్చు.

గాజు పోగులో కాంతి ప్రయాణం

కాంతి ఋజుమార్గంలో ప్రయాణిస్తుందని చిన్న తరగతులలో చదువుకొన్నాం. మరి వంపులు తిరిగిన గాజు పోగులో అది ఎలా నడుస్తుంది? పోగు నడిమి భాగం వక్రీభవన గుణకం కొంచెం ఎక్కువగానూ, దానిని కప్పిన పొర గుణకం కొంచెం తక్కువగానూ ఉండేటట్లు పోగును తయారుచేస్తారు. లోపలి కాంతి వాలుగా ఆ సరిహద్దును తాకినప్పుడు బయటకు పోలేక తిరిగి లోపలికే మళ్లుతుంది. దీనినే సంపూర్ణాంతర పరావర్తనం అంటారు. పంజాబులోని మోగాలో జన్మించిన నరీందర్ సింగ్ కపానీ, ఆయన గురువు హెరాల్డ్ హాప్కిన్స్ లండన్‌లో ఇటువంటి పోగుల కట్ట గుండా ఒక చిత్రాన్ని పంపి, 1954లో ఆ విషయాన్ని లోకానికి తెలియజేశారు.

ఆ రోజుల గాజులో 20 మీటర్లు నడిచేసరికి కాంతిలో నూటికి ఒక వంతు మిగలడమే గగనంగా ఉండేది. ఈ లోపం గాజుది కాదు, అందులోని మలినాలదని 1966లో ఛార్లెస్ కావో, జార్జ్ హాక్‌హామ్ వాదించారు. కిలోమీటరు నడిచిన తరువాత నూటికి ఒక వంతు కాంతి మిగిలినా సమాచార ప్రసారం సాధ్యమేనని లెక్కకట్టారు. 1970లో అమెరికాలోని కార్నింగ్ సంస్థ పరిశోధకులు సిలికా గాజుతో ఆ హద్దును దాటారు. నేటి సిలికా పోగులో 1.55 మైక్రాన్ల కాంతి ఒక కిలోమీటరు నడిచినా నూటికి 95 వంతులు మిగిలే ఉంటుంది. కావోకు 2009లో నోబెల్ బహుమతి లభించింది.

పోగే లేసర్‌గా మారిన విధం

కాంతిని మోసే పోగే కాంతిని పుట్టించే సాధనంగా మారడం ఈ కథలో తరువాతి ఘట్టం. 1960లో థియొడోర్ మైమన్ కెంపు స్ఫటికంతో తొలి లేసర్‌ను వెలిగించాడు. మరుసటి సంవత్సరమే ఎలియాస్ స్నిట్జర్ నియోడిమియం కలిపిన గాజు నుండి లేసర్ కాంతిని రాబట్టాడు.

తంతు లేసర్ పనిచేసే తీరు స్థూలంగా ఇది. పోగు నడిమి భాగంలో విరళ మృత్తికా మూలకాల అయాన్లను స్వల్పంగా కలుపుతారు. ఒక చిన్న డయోడ్ లేసర్ కాంతిని లోపలికి పంపితే ఆ అయాన్లు శక్తిని గ్రహించి పైమెట్టుకు ఎక్కుతాయి. దారిన పోయే కాంతి కణం ఒకటి తగిలినప్పుడు ఒక్కొక్క అయాను కింది మెట్టుకు దిగుతూ, తగిలిన కణాన్ని పోలిన మరొక కాంతి కణాన్ని విడుదల చేస్తుంది. పోగు రెండు కొసలలో ఉన్న దర్పణాల వంటి ఏర్పాట్ల మధ్య ఆ కాంతి అటూ ఇటూ తిరుగుతూ ప్రబలి, చివరకు సన్నని ధారగా వెలువడుతుంది.

ఈ మూలకాలలో ఎర్బియం, టెర్బియం, యిటెర్బియం అనే మూడింటి పేర్లూ స్వీడన్‌లోని యిటెర్బీ అనే ఒకే ఒక్క పల్లె పేరు నుండి పుట్టాయి. యిటెర్బియం కలిపిన సిలికా పోగు 1.07 మైక్రాన్ల దగ్గర కిలోవాట్ల కొలదీ కాంతినిచ్చి కర్మాగారాలలో ఉక్కు పలకలను కోస్తున్నది. థూలియం కలిపిన సిలికా పోగు 1.94 మైక్రాన్ల కాంతినిచ్చి మూత్రపిండాలలోని రాళ్లను పొడి చేస్తున్నది. సిలికా గాజు ప్రతాపం ఇంచుమించు ఇంతవరకే. 2.4 మైక్రాన్ల ఎల్లను దాటితే ఆ గాజు కాంతిని నడవనీయదు.

సిలికాకు ఆ హద్దు ఎందుకు?

ఇందుకు కారణం అణువుల కదలికలో ఉన్నది. గాజులోని పరమాణువులు నిశ్చలంగా ఉండవు. తీగలకు కట్టిన బరువులవలె నిరంతరం కంపిస్తూ ఉంటాయి. వీణను తలచుకొంటే ఈ విషయం సులభంగా బోధపడుతుంది. సన్నని, బిగువైన తీగ వేగంగా కంపించి తారస్వరం పలుకుతుంది. బరువైన, వదులైన తీగ మెల్లగా కంపించి మంద్రస్వరం పలుకుతుంది. సిలికాలోని సిలికాన్, ఆక్సిజన్ తేలిక పరమాణువులు. వాటి మధ్య బంధం చాలా గట్టిది. కాబట్టి ఆ గాజు తారస్వరపు తీగ వంటిది.

కాంతి కంపన వేగం గాజు కంపన వేగానికి సరిపోయినప్పుడు గాజు ఆ కాంతిని పీల్చి వేడిగా మార్చుకొంటుంది. సిలికా మూల కంపనం 9 మైక్రాన్ల కాంతికి సరిపోతుంది. తీగను మీటినప్పుడు మూలస్వరంతోపాటు దాని రెట్టింపు, మూడింతల స్వరాలు కూడా సన్నగా వినిపించినట్లే, ఈ కంపనానికీ అనుస్వరాలు ఉన్నాయి. వాటి ప్రభావం 2 మైక్రాన్ల వరకు పాకి వస్తుంది. సిలికాకు హద్దు ఏర్పడింది ఈ విధంగానే. మలినాలను ఎంత తొలగించినా ఈ హద్దు జరగదు. అది గాజులోకి వచ్చి చేరిన దోషం కాదు, గాజు స్వభావమే. పరిష్కారం ఒక్కటే: బరువైన పరమాణువులతో, వదులైన బంధాలతో వేరొక గాజును తయారుచేయడం.

రెన్ నగరంలో దొరికిన గాజు

ఆ వేరొక గాజు వెదకగా దొరికినది కాదు. 1974లో ఫ్రాన్స్ దేశపు బ్రిటనీ ప్రాంతంలోని రెన్ విశ్వవిద్యాలయంలో మార్సెల్ పూలాన్, మిషెల్ పూలాన్, జాక్ ల్యూకా అనే పరిశోధకులు జిర్కోనియం ఫ్లోరైడ్‌తో స్ఫటికాలను పెంచే ప్రయత్నంలో ఉన్నారు. మూసలో స్ఫటికానికి బదులు గాజు మిగిలింది. స్ఫటికం కావలసినవారు దానిని పారవేయవచ్చు. వారు అలా చేయక, దాని గుణాలను పరిశీలించారు. అది పరారుణ ప్రాంతంలోకి ఎంతో దూరం పారదర్శకంగా ఉన్నదని తేలింది. అనంతరం జిర్కోనియం, బేరియం, లాంథనం, అల్యూమినియం, సోడియం అనే అయిదు లోహాల ఫ్లోరైడ్‌లను కలిపి మరింత స్థిరమైన గాజును రూపొందించారు. ఆ లోహాల సంకేతాల తొలి అక్షరాలను కూర్చి దానికి 'జెడ్‌బ్లాన్' అని పేరు పెట్టారు.

ఈ గాజుపై మొదట పెట్టుకొన్న ఆశ వేరు. గాజులో కాంతి చెదరడం తరంగదైర్ఘ్యం నాలుగో ఘాతానికి విలోమంగా తగ్గుతుంది. 1.55 మైక్రాన్ల కాంతితో పోలిస్తే 2.5 మైక్రాన్ల కాంతి సుమారు ఏడో వంతు మాత్రమే చెదురుతుంది. కనుక ఫ్లోరైడ్ పోగులు సిలికాను మించి, సముద్రాల అడుగున సందేశాలను మోస్తాయని పలువురు తలపోశారు. ఆ ఆశ ఫలించలేదు. పోగు తీసేటప్పుడు ఏర్పడే సూక్ష్మ స్ఫటికాలూ, మలినాలూ కాంతిని చెదరగొట్టాయి. ఇంతలో 1987 ప్రాంతంలో ఎర్బియం కలిపిన సిలికా పోగు, సన్నగిల్లిన సంకేతాన్ని దారిలోనే బలపరచగలదని ఇంగ్లండులోని సౌతాంప్టన్ పరిశోధకులు నిరూపించారు. సమాచార ప్రసారంలో సిలికాకు ఇక ఎదురులేకపోయింది. అయితే ఫ్లోరైడ్ గాజు చరిత్ర అక్కడితో ముగియలేదు. దూతగా రాణించని ఆ గాజు లేసర్ జన్మస్థానంగా రాణించింది.

మూడు అంగలు – ఆరు అంగలు

ఎర్బియం అయాను ఒక మెట్టు నుండి మరొక మెట్టుకు దిగుతూ 2.8 మైక్రాన్ల కాంతిని ఇవ్వగలదు. సిలికాలో ఆ కాంతి దాదాపు రానే రాదు. ఫ్లోరైడ్ గాజులో చక్కగా వస్తుంది. అదే అయాను, అవే మెట్లు; గాజు ఒక్కటే వేరు. ఈ భేదం ఎందుకు?

ఇటువంటి శక్తులను శాస్త్రజ్ఞులు ఒక సెంటీమీటరులో ఇమిడే తరంగాల సంఖ్యతో కొలుస్తారు. 2.8 మైక్రాన్ల కాంతికి ఆ సంఖ్య సుమారు 3,570. సిలికా గాజు కంపనానికి అది సుమారు 1,100. జెడ్‌బ్లాన్ కంపనానికి సుమారు 580. పైమెట్టున ఉన్న అయాను కాంతిని వెదజల్లుతూ దిగవచ్చు, లేదా తన శక్తిని గాజు కంపనాలకు అప్పగించి చప్పుడు లేకుండా దిగిపోవచ్చు. సిలికాలో ఆ దూరం మూడు అంగలకు కొంచెం ఎక్కువ. జెడ్‌బ్లాన్‌లో ఆరు అంగలకు కొంచెం ఎక్కువ. అంగల సంఖ్య పెరిగినకొద్దీ అయాను ఆ దారిన దిగే అవకాశం వేగంగా క్షీణిస్తుంది. అందువల్ల సిలికాలో శక్తి వేడిగా వృథా అవుతుంది. ఫ్లోరైడ్ గాజులో అది కాంతిగా వెలువడుతుంది. గాజు ఇక్కడ కాంతిని మోసే పాత్ర మాత్రమే కాదు. అయాను కాంతినిస్తుందా లేదా అన్నది కూడా గాజే నిర్ణయిస్తుంది.

1988లో బ్రిటన్ పరిశోధకులు ఎర్బియం కలిపిన ఫ్లోరైడ్ పోగు నుండి ఈ లేసర్ కాంతిని నిరంతర ధారగా రాబట్టారు. మూడు దశాబ్దాల తరువాత, 2018లో, కెనడాలోని లావాల్ విశ్వవిద్యాలయంలో ఆ ధార సామర్థ్యం 40 వాట్లు దాటింది. అదే సంవత్సరం అక్కడివారే ఇండియం ఫ్లోరైడ్ గాజులో హోల్మియం కలిపి, గది ఉష్ణోగ్రత వద్దనే 3.92 మైక్రాన్ల లేసర్ కాంతిని సాధించారు.

గుణం వెంట దోషం

మంద్రస్వరం కావాలంటే తీగను వదులు చేయాలి. తీగ వదులైతే దాని పటుత్వమూ తగ్గుతుంది. ప్రత్యేక గాజుల చరిత్ర అంతా ఈ ఒక్క వాక్యంలో ఇమిడి ఉన్నదనవచ్చు. సిలికా గాజు మెత్తబడటానికి 1,200 డిగ్రీల సెంటీగ్రేడుకు అటూ ఇటూగా వేడి కావాలి. జెడ్‌బ్లాన్ 260 డిగ్రీల వద్దనే తన గట్టిదనాన్ని కోల్పోవడం మొదలుపెడుతుంది. సిలికా పోగు ఎంతో బలమైనది. ఫ్లోరైడ్ పోగు పెళుసైనది. పరారుణ కాంతికి దారి విడిచిన ఆ వదులు బంధమే గాజును బలహీనపరచింది. గుణమూ దోషమూ ఇక్కడ ఒకే వేరు నుండి పుట్టినవి.

అన్నిటికన్నా పెద్ద చిక్కు నీటితో వచ్చింది. నీరు 2.9 మైక్రాన్ల దగ్గరి కాంతిని పీల్చుకొంటుందని పైన చెప్పుకొన్నాం. ఎర్బియం లేసర్ శస్త్రవైద్యులకు ఉపకరించేది ఆ గుణం వల్లనే. శరీర కణజాలంలో అధికభాగం నీరే కాబట్టి, కాంతి లోతుకు పోకుండా పైపొరలోనే పనిచేస్తుంది. కాని ఫ్లోరైడ్ గాజు గాలిలోని తేమకు లొంగుతుంది. పోగు కొస వద్ద తేమ మెల్లగా లోపలికి చొచ్చుకొనిపోతుంది. అది అక్కడ లేసర్ కాంతినే పీల్చి వేడెక్కుతుంది. వేడెక్కిన గాజులోకి తేమ మరింత చొరబడుతుంది. చివరకు పోగు కొస కరిగి, లేసర్ పనికిరాకుండా పోతుంది. దీనికి విరుగుడుగా తేమను ఎక్కువగా తట్టుకొనే అల్యూమినియం ఫ్లోరైడ్ గాజు వంటి వాటితో పోగు కొసకు మూతలు అతికిస్తున్నారు.

సూక్ష్మ స్ఫటికాల సమస్యకు శాస్త్రజ్ఞులు ఆకాశంలో పరిష్కారం వెదికారు. గురుత్వ ప్రభావం లేనిచోట ద్రవస్థితిలోని గాజు కలత చెందదు. స్ఫటికాలు తక్కువగా ఏర్పడతాయి. 1990లలో నాసా విమాన ప్రయోగాలలో ఈ సంగతి గమనించారు. 2024లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఒక నెల వ్యవధిలో 11 కిలోమీటర్లకు పైగా జెడ్‌బ్లాన్ పోగు తీశారు.

హరితాళం వంశపు గాజులు

ఫ్లోరైడ్ పోగులు కూడా 4 మైక్రాన్లు దాటిన కొద్దిదూరానికే అలసిపోతాయి. ఆపైన కావలసినవి చాల్కోజెనైడ్ గాజులు. వీటిలో ఆక్సిజన్‌కు బదులు గంధకమో, సెలీనియమో, టెల్లూరియమో ఉంటుంది. వీటిలో ముఖ్యమైనది ఆర్సెనిక్, గంధకం కలిసిన గాజు. దాని కూర్పు మన పూర్వులు పసుపువన్నె రంగుగా వాడిన హరితాళం కూర్పే. సెలీనియం గాజు ఇంకా విచిత్రమైనది. కంటికి అది నల్లని రాయివలె కనిపిస్తుంది. పరారుణ కాంతికి మాత్రం నిర్మలమైన స్ఫటికంతో సమానం. మనకు స్వచ్ఛంగా కనబడే సిలికా ఆ కాంతికి గోడ. మనకు గోడగా కనబడే ఈ గాజు ఆ కాంతికి కిటికీ. రాత్రివేళ దేహాల వేడిని చూపే కెమెరాల కటకాలను ఇటువంటి గాజులతోనూ తయారుచేస్తారు.

వీటి వక్రీభవన గుణకం కూడా చాలా ఎక్కువ. సిలికాకు అది 1.45 అయితే, ఆర్సెనిక్-గంధకపు గాజుకు సుమారు 2.4. దీనివల్ల లాభమూ నష్టమూ రెండూ ఉన్నాయి. సిలికా తలంపై నిట్టనిలువుగా పడిన కాంతిలో నూటికి మూడున్నర వంతులు వెనక్కు మళ్లితే, ఈ గాజు తలంపై 17 వంతులు మళ్లుతాయి. అయితే తీవ్రమైన కాంతి ఇటువంటి గాజులో ప్రయాణించేటప్పుడు తన తరంగదైర్ఘ్యాన్నే విస్తరించుకొంటుంది. 2014లో డెన్మార్క్ సాంకేతిక విశ్వవిద్యాలయం పరిశోధకులు చాల్కోజెనైడ్ పోగులో 1.4 నుండి 13.3 మైక్రాన్ల వరకు పరచుకొన్న కాంతిని ఏకధారగా పుట్టించారు. 2021లో ఇటువంటి పోగులలోనే 5 మైక్రాన్లకు పైబడిన లేసర్ కాంతి కూడా వెలువడింది. ఇక్కడ కూడా బలహీనత తప్పలేదు. ఆర్సెనిక్-గంధకపు గాజు 200 డిగ్రీల వద్దనే మెత్తబడుతుంది. కాబట్టి పెద్ద సామర్థ్యాన్ని మోయలేదు.

ఈ రెండింటికీ నడుమ నిలిచినది టెల్లూరియం ఆక్సైడ్ గాజు. దాని గుణకం సుమారు 2. గట్టిదనంలో ఫ్లోరైడ్‌ల కంటె మెరుగు. పారదర్శకతలో సిలికా కంటె మెరుగు. మన దేశంలో కోల్‌కతాలోని కేంద్రీయ గాజు, పింగాణి పరిశోధన సంస్థ ప్రత్యేక గాజు పోగులపైనా, తంతు లేసర్లపైనా పరిశోధనలు సాగిస్తున్నది.

ముగింపు

ఉత్తమమైన గాజు ఏది అని అడిగితే శాస్త్రజ్ఞుడు వెంటనే బదులు చెప్పడు. ఏ కాంతికి, ఏ పనికి అని తిరిగి అడుగుతాడు. ఉక్కును కోయడానికి సిలికాకు సాటి లేదు. కణజాలాన్ని సుకుమారంగా కోయడానికి ఫ్లోరైడ్ కావాలి. గాలిలోని అణువుల ముద్రలను దూరదూరం వరకు చదవడానికి చాల్కోజెనైడ్ కావాలి. ఒక పనికి బలమైన బంధం గుణం, మరొక పనికి అదే దోషం. రెన్ నగరపు పరిశోధకులు తమకు కావలసిన స్ఫటికం రాలేదని మూసలోని గాజును పారవేసి ఉంటే, ఈ మార్గం ఎప్పటికి తెరుచుకొనేదో చెప్పలేం. ఆశించినది దొరకనప్పుడు దొరికినదానిని శ్రద్ధగా చూడటం కూడా విజ్ఞానమే.

అభ్యాసం

అ) ఈ క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానం రాయండి.
1. సిలికా గాజు 2.4 మైక్రాన్లు దాటిన కాంతిని ఎందుకు నడవనీయదో వీణ తీగల ఉపమానంతో వివరించండి.
2. ప్రత్యేక గాజులలో గుణమూ దోషమూ ఒకే వేరు నుండి పుట్టాయన్న మాటను సోదాహరణంగా సమర్థించండి.

ఆ) ఈ క్రింది ప్రశ్నలకు అయిదు పంక్తులలో సమాధానం రాయండి.
1. జెడ్‌బ్లాన్ గాజు ఎలా వెలుగులోకి వచ్చింది?
2. ఎర్బియం అయాను సిలికాలో ఇవ్వలేని కాంతిని ఫ్లోరైడ్ గాజులో ఎలా ఇస్తున్నది?

ఇ) ఈ క్రింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానం రాయండి.
1. 'కాచ' శబ్దానికి ఉన్న రెండు అర్థాలు ఏవి?
2. పరారుణ కిరణాలను కనుగొన్నది ఎవరు?
3. హరితాళం కూర్పు కలిగిన గాజులోని రెండు మూలకాలు ఏవి?